టీబీ క్రిమి వంశం: ఆవుల నుంచి వచ్చిందా, ఎలా మారుతోంది, మన దక్షిణాది రకం ఎందుకు వేరు

మీరు అడిగినవి మూడు. టీబీ ఆవుల నుంచి మనుషులకు అంటుకుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం, నిజమేనా? కరోనాలో లాగా ఇందులో కూడా కొత్త వేరియంట్లు పుడుతుంటాయా? మీ బాబాయిగారికి ఆరు నెలల కోర్సు పూర్తయిన మూడేళ్లకు మళ్లీ టీబీ వచ్చింది కదా, అది లోపల మిగిలిపోయిన పాతదా, బయటి నుంచి కొత్తగా అంటుకున్నదా, తెలుసుకునే దారి ఉందా? నేను చాలా ఏళ్లుగా టీబీ కల్చర్ (రోగి తెమడలోని క్రిమిని పెంచి చూడటం) ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, ఈ మధ్య జీనోమ్ సీక్వెన్సింగ్ (క్రిమి డీఎన్ఏ మొత్తాన్ని అక్షరం అక్షరంగా చదవడం) డేటా చూడటమే ఎక్కువ పని. మూడు ప్రశ్నలూ దేనికదే అనిపిస్తాయి గానీ, ఈ క్రిమి డీఎన్ఏ ఎలా మారుతుందో అర్థమైతే మూడింటికీ జవాబు దొరుకుతుంది. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

టీబీ బ్యాక్టీరియా జీనోమ్ అంటే సుమారు 44 లక్షల అక్షరాలు. 1998లో స్టీవర్ట్ కోల్ బృందం దాన్ని మొదటిసారి పూర్తిగా చదివి ప్రకటించింది. వాళ్లు చదివింది హెచ్37ఆర్‌వీ అనే స్ట్రెయిన్, అంటే ఆ క్రిమిలోనే ఒక ప్రత్యేక రకం. దాని మూలం 1905లో అమెరికాలోని సారనాక్ లేక్ శానిటోరియంలో ఒక రోగి నుంచి తీసిన క్రిమి. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కడ ఏ టీబీ స్ట్రెయిన్‌ని చదివినా దానితోనే పోల్చి చూస్తాం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, కిందకి వెళ్లాక దీని అవసరం పడుతుంది.

ఈ క్రిమి బతుకంతా నెమ్మదే. కడుపులో ఉండే ఈ.కోలై ఇరవై నిమిషాలకోసారి రెండుగా విడిపోతుంది, టీబీ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుంది. కోడిగుడ్లు, మలకైట్ గ్రీన్ కలిపి చేసే ఆకుపచ్చటి ఎల్‌జే మీడియం మీద తెమడ శాంపిల్ వేశాక కాలనీ కంటికి కనపడాలంటే మూడు వారాలు, ఒక్కోసారి ఆరు, ఎనిమిది వారాలు. అప్పుడైనా కనపడేది గరుకుగా, పొడిగా, లేత మీగడ రంగులో ఉండే చిన్న ముద్ద. దీన్ని మిగతా బ్యాక్టీరియాల నుంచి వేరుచేసే పెద్ద లక్షణం మాత్రం ఇంకొకటి. చాలా బ్యాక్టీరియాలు పక్కవాటి దగ్గర నుంచి జన్యువులు తెచ్చుకుంటాయి, ఒకదాని మందు నిరోధకత ఇంకొకదానికి రాత్రికి రాత్రి చేరిపోతుంది. టీబీ క్రిమి అలా తెచ్చుకోదు. తల్లి కణం నుంచి వచ్చిందే దానికి ఆస్తి. అందులో ఏదైనా ముక్క పోయిందంటే ఆ వంశంలో ఇక శాశ్వతంగా పోయినట్టే, తిరిగి తెచ్చుకునే మార్గం లేదు.

పాత తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులు చేసేది సరిగ్గా ఈ లెక్కే. ఒక ప్రతిలో నడుమ ఒక ఆకు పోయిందనుకోండి, దాన్ని చూసి రాసుకున్న ప్రతులన్నిటిలోనూ ఆ పద్యాలు ఉండవు. ఆ పద్యాలు పూర్తిగా ఉన్న ప్రతి ఎక్కడైనా కనపడితే, అది ఈ లోపమున్న ప్రతి నుంచి పుట్టి ఉండటం అసాధ్యం. 2002లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో రోలాండ్ బ్రోష్, ఆయన సహచరులు టీబీ కుటుంబంలోని క్రిములన్నిటినీ పక్కపక్కన పెట్టి ఏ ముక్కలు దేనిలో పోయాయో చూశారు. ఆవులకు వచ్చే ఎం. బోవిస్‌లో చాలా ముక్కలు లేవు, మనిషికి వచ్చే టీబీ క్రిమిలో అవే ముక్కలు భద్రంగా ఉన్నాయి. అంటే ఆవు క్రిమి మన క్రిమికి తల్లి కాలేదు. పశువుల పెంపకం మొదలయ్యాక పాల ద్వారా మనిషికి టీబీ వచ్చిందని పుస్తకాల్లో రాసుకున్న కథ అక్కడితో చెల్లిపోయింది. అలాగని నేరుగా మన క్రిమే ఆవులకు వెళ్లిందని కూడా చెప్పకూడదు. రెంటికీ ఒక పూర్వీకుడు ఉన్నాడు, పశువుల కొమ్మ ఆ చెట్టులో పశ్చిమ ఆఫ్రికా రకాలకు దగ్గరగా తర్వాత చీలింది.

మరి పశువుల నుంచి టీబీ రానే రాదా అంటే, వస్తుంది, కానీ అరుదు. మన దగ్గర దాని రూపం కూడా పుస్తకాల్లో ఉన్నట్టు లేదు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో 940 పాజిటివ్ శాంపిళ్లను పరీక్షించిన అధ్యయనం 2020లో వచ్చింది. టీకాలో వాడే బీసీజీ స్ట్రెయిన్‌ని పక్కన పెడితే వాటిలో అసలు ఎం. బోవిస్ ఒక్కటీ దొరకలేదు, ఎం. ఒరిగిస్ అనే ఇంకో పశు జాతి ఏడింటిలో దొరికింది. కాబట్టి పాలు కాచుకుని తాగండి, అది మంచి అలవాటే, కానీ మీ ఇంట్లో టీబీకి కారణం దాదాపు ఎప్పుడూ ఇంకో మనిషి దగ్గే.

బీసీజీ మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు 1908 నుంచి 1921 వరకు ఎం. బోవిస్‌ని ల్యాబ్‌లో 230 సార్లు తిరగవేసి పెంచి బలహీనం చేశారు. ఏం జరిగి అది బలహీనపడిందో వాళ్లకు తెలిసే వీల్లేదు. తర్వాత జీనోమ్ చూస్తే ఆర్‌డీ1 అనే ముక్క ఎగిరిపోయి ఉంది, క్రిమి మన కణాల్ని దెబ్బతీయడానికి వాడే సరంజామా చాలావరకు అందులోనే ఉంటుంది. మన భుజం మీద మచ్చ పెట్టిన టీకా కూడా ఇలా ఒక ముక్క పోగొట్టుకున్న క్రిమే.

ఇక మీ రెండో ప్రశ్న. కరోనా వైరస్ జీనోమ్ 30 వేల అక్షరాలు, అందులో నెలకు సుమారు రెండు మారేవి. టీబీలో 44 లక్షల అక్షరాలున్నా, రెండేళ్లకో మూడేళ్లకో ఒక్క అక్షరం మారుతుంది. కరోనాలో చూసినట్టు ఆరు నెలలకో వేరియంట్ రావడం ఇందులో జరగదు. అయితే ఈ నెమ్మదితనమే మాకు పెద్ద ఉపయోగం. ఇద్దరు రోగుల నుంచి తీసిన క్రిములను చదివి తేడా అక్షరాలు లెక్కపెడితే ఎవరి నుంచి ఎవరికి అంటుకుని ఉండవచ్చో ఒక అంచనా వస్తుంది. ఇంగ్లండ్‌లో జరిగి 2013లో వచ్చిన అధ్యయనం నుంచి వాడుకలోకి వచ్చిన కొలత ఇది: తేడా ఐదు అక్షరాల లోపు ఉంటే ఈ మధ్యే ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నట్టు, పన్నెండు దాటితే నేరుగా అంటుకోనట్టు. మధ్యలో పడ్డవాటి గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. ఇంకొకటి, తేడా ఒకటో రెండో అక్షరాలని తేలినంత మాత్రాన ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో దిశ తెలియదు, మధ్యలో మనం శాంపిల్ తీయని మూడో మనిషి ఉండొచ్చు. ఫలానా వాళ్ల వల్లే మాకు వచ్చిందని బంధువుల మీద కోపం పెంచుకునే వాళ్లకు నేను ఈ సంగతి గట్టిగా చెబుతుంటాను.

ఈ క్రిమి వయసెంత అన్నదాని మీద పరిశోధకుల మధ్య పెద్ద వాదమే నడిచింది. 2013లో ఇనాకి కోమాస్, సెబాస్టియన్ గానియూ బృందం క్రిమి వంశవృక్షాన్ని మనుషుల వంశవృక్షంతో పోల్చి, రెండూ ఒకేలా కొమ్మలు వేశాయని, 70 వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి బయటికి నడిచిన మనుషులతోపాటే ఇదీ నడిచిందని చెప్పింది. మరుసటి ఏడాదే పెరూలో దొరికిన దాదాపు వెయ్యేళ్ల నాటి మూడు అస్థిపంజరాల నుంచి టీబీ డీఎన్ఏ తీశారు. అది ఇప్పుడు మనుషుల్లో తిరిగే ఏ కొమ్మకూ దగ్గరగా లేదు, సీల్, సీ లయన్ లాంటి సముద్ర జంతువులకు వచ్చే రకానికి దగ్గరగా ఉంది. కొలంబస్ కంటే ముందే ఆ జంతువులు సముద్రం దాటించి అమెరికా తీరానికి తెచ్చిన టీబీ అది. ఆ ఎముకల కాలం తెలుసు కాబట్టి మార్పుల వేగం లెక్క కట్టొచ్చు, అలా కడితే మొత్తం కుటుంబం వయసు 6 వేల ఏళ్ల లోపే వచ్చింది. 1679లో చనిపోయిన స్వీడన్ బిషప్ పీడర్ విన్‌స్ట్రుప్ ఊపిరితిత్తిలో గట్టిపడిన ఒక గడ్డ దొరికింది, అందులోంచి తీసిన క్రిమి జీనోమ్ 2020లో వచ్చింది, అదీ 6 వేల లోపు లెక్కనే బలపరిచింది. నా మొగ్గు ఇటువైపే. కొమ్మల ఆకారాలు పోలినంత మాత్రాన వయసు ఒకటే అయిపోదు, తేదీ తెలిసిన పాత డీఎన్ఏ ఇచ్చే సాక్ష్యానికి బరువెక్కువ.

పుట్టిల్లు ఆఫ్రికా అన్నదాంట్లో మాత్రం పెద్దగా గొడవ లేదు. జిబూటి చుట్టుపక్కల, అంటే తూర్పు ఆఫ్రికా కొమ్ములో, ఎం. కనెట్టి అనే దూరపు చుట్టం ఇప్పటికీ దొరుకుతుంది. దాని కాలనీలు నున్నగా ఉంటాయి, అది తోటి క్రిములతో డీఎన్ఏ మార్చుకుంటుంది, మనిషి నుంచి మనిషికి సరిగ్గా వ్యాపించదు. మన టీబీ క్రిమి అలాంటి పూర్వీకుల నుంచి వేరుపడి, మనిషి ఊపిరితిత్తికే అంకితమైపోయిన ఒక్క పాయ అని చాలామంది ఒప్పుకుంటారు. మనుషులకు వచ్చే రకాల్లో చాలా కొమ్మలు ఆఫ్రికాలోనే ఉన్నాయి. పరిశోధకులు ఈ కొమ్మలకు (లీనియేజ్‌లకు) నంబర్లు పెట్టారు. ఐదు, ఆరో కొమ్మలు పశ్చిమ ఆఫ్రికా దాటి దాదాపు బయటికి రాలేదు, ఏడోది ఇథియోపియా, ఎనిమిదోది రువాండా, ఉగాండాల్లో కనపడి 2020లో వెలుగులోకి వచ్చింది.

ప్రపంచమంతా తిరిగినవి ప్రధానంగా నాలుగు. ఒకటో కొమ్మ మన దక్షిణ భారతం, ఫిలిప్పీన్స్, వియత్నాం, ఆఫ్రికా తూర్పు తీరం, అంటే హిందూ మహాసముద్రం చుట్టూ. రెండోది తూర్పు ఆసియాది, బీజింగ్ స్ట్రెయిన్ అని పేపర్లలో వచ్చేది దానిలోనిదే. మూడోది ఉత్తర భారతం, పాకిస్తాన్, తూర్పు ఆఫ్రికా. నాలుగోది యూరప్ వలసలతోపాటు అమెరికాలకు, ఆఫ్రికాకు పాకింది. హెచ్37ఆర్‌వీ ఈ నాలుగో కొమ్మలోదే, అంటే అందరం పోల్చి చూసే ఆ కొలబద్ద మన ఒకటో కొమ్మది కాదు. ఓడ వెళ్లిన చోటికి క్రిమీ వెళ్లింది, సైన్యం వెళ్లిన చోటికీ వెళ్లింది. బీజింగ్ రకం మీద 99 దేశాల నుంచి సేకరించిన 4,987 స్ట్రెయిన్లతో 2015లో వచ్చిన అధ్యయనంలో పారిశ్రామిక విప్లవం, మొదటి ప్రపంచ యుద్ధం, హెచ్ఐవీ కాలాల్లో ఆ క్రిమి జనాభా పెరిగిన గుర్తులు కనపడ్డాయి.

నాకు వీటన్నిటిలో ఎక్కువ నేర్పింది కెనడా కథ. 1710 నుంచి 1870 వరకు బొచ్చు తోళ్ల వ్యాపారం కోసం ఫ్రెంచ్ కెనడియన్ వర్తకులు పడవల్లో లోపలి ప్రాంతాలకు వెళ్లి అక్కడి ఆదివాసులతో కలిసి బతికారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. క్యూబెక్ నుంచి వాళ్లతో వెళ్లిన ఒక టీబీ స్ట్రెయిన్ పశ్చిమ కెనడా ఆదివాసుల్లో నేటికీ ఉందని కెయిట్లిన్ పెప్పరెల్ బృందం 2011లో చూపించింది. గమనించాల్సింది ఏంటంటే, ఆ క్రిమి చేరి వందేళ్లు దాటినా అక్కడ అల్లకల్లోలం జరగలేదు, సన్నగా ఉనికి నిలుపుకుంది అంతే. 19వ శతాబ్దం చివర్లో ఆ జనాన్ని వేట జీవితం నుంచి తప్పించి రిజర్వులకు చేర్చి, ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉంచాక జనం పిట్టల్లా రాలిపోయారు. క్రిమి అదే. మనుషులు బతికే తీరు మారింది. కాబట్టి స్ట్రెయిన్ భయంకరమైనదని వార్త చదివినప్పుడల్లా నేను ముందు ఆ ఊళ్లో ఇళ్లెలా ఉన్నాయి, తిండి సంగతేంటి అని చూస్తాను.

ఇప్పుడు మన సంగతి. 1950ల్లో మద్రాసులో టీబీ రోగులకు ఇంటి దగ్గరే మందులివ్వొచ్చా, శానిటోరియంలో పడుకోబెట్టాల్సిందేనా అని తేల్చే పెద్ద పరిశోధన జరిగింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలలో మంచం దొరకడమే అదృష్టం అనుకునే కాలం అది, ఇంటి వైద్యం కూడా అంతే బాగా పనిచేస్తుందని 1959లో తేలడంతో ప్రపంచమంతా దారి మార్చుకుంది. ఆ రోగుల శాంపిళ్లతోనే డెనిస్ మిచిసన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ఇతరులు ఇంకో పని చేశారు. అక్కడి స్ట్రెయిన్లను గినీ పిగ్‌లకు ఎక్కించి చూస్తే, బ్రిటిష్ రోగుల స్ట్రెయిన్లు చంపినంతగా ఇవి చంపలేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలితే వీటిలో చాలా స్ట్రెయిన్లు తొందరగా చచ్చిపోయాయి. 1960లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఎందుకలా అంటే అప్పట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

దానికి జన్యువుల వైపు నుంచి జవాబు రావడానికి అరవై ఏళ్లు పట్టింది. రెండు, మూడు, నాలుగో కొమ్మల ఉమ్మడి పూర్వీకుడు ఒక దశలో టీబీడీ1 అనే సుమారు 2 వేల అక్షరాల ముక్కను పోగొట్టుకున్నాడు. మన ఒకటో కొమ్మలో అది ఇంకా ఉంది. 2020లో బ్రోష్ బృందమే ఈ ముక్క ఉన్న, తీసేసిన స్ట్రెయిన్లను పోల్చి చూసింది. ముక్క పోయినవి పెరాక్సైడ్ లాంటి ఆక్సీకరణ ఒత్తిడినీ ఆక్సిజన్ కొరతనూ బాగా తట్టుకున్నాయి, గినీ పిగ్‌లలో జబ్బు ఎక్కువ చేశాయి. మద్రాసు స్ట్రెయిన్ల ప్రవర్తన మొత్తానికి ఈ ఒక్క ముక్కే కారణమని నేననను, కానీ 1960 నాటి ఆ వింత పరిశీలన, ఈ ఫలితం చక్కగా ముడిపడతాయి. పోగొట్టుకోవడం వల్ల బలపడటం అనే సంగతి మొదట చదివినప్పుడు నాకే నమ్మబుద్ధి కాలేదు.

వియత్నాంలోని హో చి మిన్ సిటీలో 1,600కు పైగా స్ట్రెయిన్లు చదివిన అధ్యయనం 2018లో వచ్చింది, అక్కడ పాతకాపు ఒకటో కొమ్మ అయితే బీజింగ్ రకం తర్వాత పలుసార్లు బయటి నుంచి వచ్చి, దానికంటే జోరుగా ఒకరి నుంచి ఒకరికి పాకుతోంది. మన దగ్గర కూడా ఇలాంటిది జరుగుతోందా అని గమనిస్తూ ఉండాలి. ముంబయిలో ఎండీఆర్ రోగుల (ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అనే రెండు ప్రధాన టీబీ మందులకూ లొంగని టీబీ ఉన్నవాళ్ల) మధ్య, ఫ్లోరోక్వినోలోన్లనే ఇంకో రకం మందులకు కూడా లొంగని రెండో కొమ్మ క్లోన్ (ఒకే క్రిమి నుంచి పుట్టిన వంశం) ఒకటి గట్టిగా పాతుకుపోయిందని 2022లో వచ్చింది. ముంబయికి మన పాలమూరు నుంచి, మిగతా జిల్లాల నుంచి ఎంతమంది పనికి వెళ్లి వస్తుంటారో మీకు చెప్పక్కర్లేదు.

మన కొమ్మ వేరు అన్నది పరీక్షల్లో ఎలా ఇబ్బంది పెడుతుందో ఒక ఉదాహరణ. 1990ల్లో టీబీ స్ట్రెయిన్లను గుర్తుపట్టడానికి ఐఎస్6110 అనే గెంతే డీఎన్ఏ ముక్క ఎన్ని చోట్ల ఉందో గీతలుగా తీసి చూసేవాళ్లు, ఒక్కో చోటికి ఒక్కో గీత. అమెరికా, యూరప్ స్ట్రెయిన్లలో అది పది పన్నెండు చోట్ల ఉంటుంది, ఆ గీతల వరుస చూస్తే వేలిముద్రలా పట్టేయొచ్చు. చెన్నై శాంపిళ్లలో చాలావాటిలో ఒక్కటే ఉంది, కొన్నిటిలో అసలు లేదు. ఒకే గీత ఉన్న వంద మందిని ఎలా వేరు చేస్తారు? అంతకంటే ప్రమాదం, ఆ ముక్క ఒక్కదాన్నే వెతికే పీసీఆర్ టెస్టులు అది లేని రోగికి టీబీ లేదని చెప్పే అవకాశం ఉంది. పరాయి కొమ్మ మీద తయారైన పద్ధతిని మన మీద పరీక్షించకుండా వాడితే ఇలాగే ఉంటుంది. మందుల్లోనూ ఇదే గమనించాలి. ఎండీఆర్ టీబీకి ఇప్పుడు మన దేశంలోనూ అనుమతి ఉన్న బీపామ్ (BPaLM) అనే మందుల కోర్సులో ప్రెటోమానిడ్ ఒక మందు, ల్యాబ్‌లో ఒకటో కొమ్మను ఆపడానికి అది మిగతావాటికంటే కాస్త ఎక్కువ మోతాదులో కావాల్సి వస్తోంది. ఆ కోర్సు పనిచేయదని దీనర్థం కాదు, ఎవరూ దీన్ని చదివి మందు మానేయొద్దు. మన రోగుల మీద ఫలితాలు విడిగా లెక్క పెట్టాలని నేనంటున్నాను. ప్రపంచ టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలో ఉంటే, చదివిన జీనోమ్‌లలో మన వాటా దానికి ఏమాత్రం సరితూగదు. ఇది నాకు బాధగా ఉండే విషయం.

మనిషి రోగనిరోధక వ్యవస్థతో దీని సంబంధం కూడా విచిత్రమైనదే. మామూలుగా క్రిములు మన శరీరం గుర్తుపట్టే భాగాలను మార్చుకుంటూ తప్పించుకుంటాయి, ఫ్లూ అలాగే చేస్తుంది. టీబీలో మన టీ కణాలు (క్రిములను గుర్తుపట్టే ఒక రకం తెల్లకణాలు) గుర్తుపట్టే భాగాలే అన్నిటికంటే తక్కువ మారాయని 2010లో కోమాస్, గానియూలు చూపించారు. గుర్తుపట్టించుకోవడమే దానికి లాభం అన్నమాట. మన శరీరం చేసే ఆ పోరాటంలోనే ఊపిరితిత్తి చీకిపోయి గుహలా తయారవుతుంది, దగ్గు వస్తుంది, దగ్గుతో అది పక్కవాళ్లకు చేరుతుంది. టీకా తయారీ ఇంత కష్టమవడానికి ఇదొక కారణం అని నా అభిప్రాయం.

ఇంత నిదానంగా మారే క్రిమిని తొందరపెట్టింది మన మందులే. లెక్క చూడండి. ఐసోనియాజిడ్‌ని తట్టుకునే మార్పు పది కోట్ల విభజనల్లో రెండు మూడు సార్లు దానంతటదే వస్తుంది, రిఫాంపిసిన్‌కైతే వెయ్యి కోట్లలో రెండు సార్లు. ఊపిరితిత్తిలో అలా పడ్డ ఒక పెద్ద గుహలో (క్యావిటీలో) పది కోట్ల క్రిములుండటం మామూలే. అంటే మందు మొదలుపెట్టకముందే ఐసోనియాజిడ్‌కి లొంగనివి రెండు మూడు అక్కడ సిద్ధంగా ఉంటాయి. ఒక్క మందే ఇస్తే మిగతావన్నీ చచ్చి అవే పెరుగుతాయి. 1948లో వచ్చిన స్ట్రెప్టోమైసిన్ ట్రయల్లో సరిగ్గా ఇదే జరిగింది, ముందు కోలుకున్న రోగులు తర్వాత మళ్లీ దిగజారారు. రెండు మందులకూ ఒకేసారి లొంగని క్రిమి పుట్టడం మాత్రం దాదాపు అసంభవం. అందుకే నాలుగు మందులు కలిపి ఇస్తాం, అందుకే మధ్యలో ఒకటి మానేసి ఒకటి వేసుకోవడం అంత ప్రమాదం.

ఐసోనియాజిడ్ నిరోధకత ఎలా వస్తుందో ల్యాబ్‌లో కంటితో చూడొచ్చు. ఆ మందు విషంగా మారాలంటే క్రిమిలోని క్యాట్‌జీ అనే ఎంజైమే దాన్ని మార్చాలి. మామూలు టీబీ కాలనీ మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే ఈ ఎంజైమ్ వల్ల బుడగలు వస్తాయి. క్యాట్‌జీ జన్యువు పూర్తిగా పోయిన స్ట్రెయిన్ మీద వేస్తే ఏమీ రాదు, చుక్క అలాగే నిలబడి ఉంటుంది. మందు నుంచి అది తప్పించుకుంది, కానీ మన తెల్లకణాలు దాని మీదకు వదిలే పెరాక్సైడ్‌ని తట్టుకునే ఆయుధం పోగొట్టుకుంది. అలాంటివి రోగుల్లో ఎక్కువ దూరం పాకలేవు. ఊళ్లలో తిరుగుతున్న నిరోధక స్ట్రెయిన్లను చదివితే వేరే మార్పు కనపడుతుంది. క్యాట్‌జీలో 315వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం పోయి త్రియోనీన్ వచ్చి ఉంటుంది. ఆ ఒక్క మార్పుతో ఎంజైమ్ పని చాలావరకు మిగులుతుంది, మందును మాత్రం విషంగా మార్చలేదు. ఎన్నో దారుల్లో నష్టం లేని దారి ఇదే కాబట్టి ప్రపంచంలో ఏ మూల చూసినా ఇదే గెలిచింది. రిఫాంపిసిన్‌ది కూడా ఇదే తీరు, ఆర్‌పీఓబీ జన్యువులో మార్పుతో కొంత బలహీనపడ్డ క్రిమి తర్వాత పక్క జన్యువులో ఇంకో మార్పుతో ఆ లోటు పూడ్చుకుంటుంది. నిరోధక క్రిమి ఎప్పుడూ బలహీనమే, దానంతటదే పోతుందన్న పాత ధీమా పనికిరాదు.

దక్షిణాఫ్రికాలోని టుగెలా ఫెర్రీలో 2005లో బయటపడ్డ, ఎండీఆర్ కంటే ఇంకా ఎక్కువ మందులకు లొంగని ఎక్స్‌డీఆర్ టీబీలో 53 మంది రోగుల్లో 52 మంది చనిపోయారు. అదేదో హఠాత్తుగా పుట్టిందనుకున్నారు. ఆ స్ట్రెయిన్ వంశాన్ని తర్వాత విప్పితే, 1950ల చివర్లోనే ఐసోనియాజిడ్ నిరోధకత, 1980ల్లో ఎండీఆర్, 1990ల మధ్యకి ఎక్స్‌డీఆర్ అని మెట్లు మెట్లుగా కనపడింది. ఎవరూ కల్చర్ చేసి చూడని నలభై ఏళ్లలో అది పెరిగింది.

పరీక్షలకు కనపడనివీ ఉంటాయి. తెమడలో టీబీ డీఎన్ఏని వెతికే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు రెండూ రిఫాంపిసిన్ కోసం ఆర్‌పీఓబీలో 81 అక్షరాల చిన్న భాగాన్నే చూస్తాయి. చాలా కేసులకు అది చాలు, తెమడలో రెండు గంటల్లో జవాబు రావడం మా రంగంలో గొప్ప మార్పు. కానీ దక్షిణాఫ్రికా పక్కనున్న ఎస్వాటినీ దేశంలో 2009 సర్వే నాటి ఎండీఆర్ స్ట్రెయిన్లలో దాదాపు 30 శాతంలో మార్పు ఆ భాగం బయట ఉంది, మెషిన్ వాటిని మందుకు లొంగేవిగా చూపించింది. మందు వేసుకుంటున్నా తెమడ నెగెటివ్ కాకపోతే రిపోర్టు బాగానే ఉంది కదా అని ఊరుకోకూడదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

మీ బాబాయిగారి విషయానికి వస్తే, పాతదా కొత్తదా అన్నది తేల్చొచ్చు, కాకపోతే మూడేళ్ల కిందటి క్రిమి ఎక్కడైనా భద్రపరిచి ఉండాలి. కల్చర్ చేసిన ల్యాబ్‌లు కొంతకాలం ఫ్రీజర్‌లో దాస్తాయి, అప్పట్లో కల్చర్ జరిగిందో లేదో పాత కాగితాలు చూసి అడగండి. రెండింటినీ చదివితే తేడా ఒకటో రెండో అక్షరాలుంటే పాతదే తిరగబెట్టింది, వందల్లో ఉంటే కొత్తది అంటుకుంది. తమిళనాడు రోగుల మీద చెన్నైలోని క్షయ పరిశోధన సంస్థ వాళ్లు 2010లో ప్రచురించిన ఫలితాల్లో, హెచ్ఐవీ లేనివాళ్లకు తిరిగి వచ్చిన టీబీ సుమారు 91 శాతం పాతదే, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు సుమారు 88 శాతం కొత్తగా అంటుకున్నదే. ఆయనకు హెచ్ఐవీ లేదంటే పాతదే అయ్యే అవకాశం ఎక్కువ, పాతదైతే ముందు వాడిన మందులకు నిరోధకత వచ్చిందేమో చూడటం అన్నిటికంటే ముఖ్యం.

పాత శాంపిల్ దొరక్కపోయినా ఇప్పటిది చేతిలో ఉంది. మందులు మొదలుపెట్టక ముందే తెమడను సీబీనాట్‌తోపాటు కల్చర్‌కి కూడా పంపమని అడగండి, మొదలుపెట్టేసి ఉంటే ఇవాళే అడగండి. మామూలు సీబీనాట్ రిఫాంపిసిన్ ఒక్కదాని గురించే చెబుతుంది, మన దేశంలో ఐసోనియాజిడ్ ఒక్కదానికే లొంగని టీబీ తక్కువేం లేదు, కాబట్టి ఎల్‌పీఏ (మందు నిరోధకతను చూసే ఇంకో డీఎన్ఏ పరీక్ష) చేయించి ఐసోనియాజిడ్ ఫలితం కూడా కాగితం మీద తీసుకోండి, అందులో క్యాట్‌జీ మార్పా, ఐఎన్‌హెచ్ఏ అనే ఇంకో జన్యువు మార్పా అన్నది కూడా రాస్తారు, డోసు నిర్ణయించడానికి డాక్టర్‌గారికి అది కావాలి. షుగర్, హెచ్ఐవీ పరీక్షలు చేయించండి. ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలుంటే వాళ్లను కూడా చూపించండి, జబ్బు లేకపోయినా ముందుజాగ్రత్త మందు ఉచితంగా ఇస్తారు. ఎల్‌పీఏ రిపోర్టు వచ్చాక పేరు, ఆసుపత్రి వివరాలు తీసేసి ఇక్కడ పెట్టండి, అందులో ఏముందో చదివి చెబుతాను.